గోడలు ఎవరివి? కడప పల్లెల 'మార్కెట్ నివేదిక'లో స్త్రీలు

ఈ మధ్య ఒక పరిచయస్తుడు ఫోన్ చేశాడు. హోర్డింగుల వ్యాపారం ఆయనది. ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల ప్రాంతాల మీద ఒక నివేదిక కావాలన్నాడు. అక్కడ ఎవరుంటారు, ఏం కొంటారు, ఏ రోడ్డు మీద ఎక్కువ తిరుగుతారు, ఏ నెలలో చేతిలో డబ్బు ఆడుతుంది అనే వివరాలు తన ఖాతాదారులకు చూపించాలట. "పల్లెల్లో ఆడవాళ్ల దగ్గర ఇప్పుడు డబ్బుంది మేడమ్. ఆ ఊళ్లన్నీ మీరు తిరిగినవే. డాక్టరేట్ ఉన్న మనిషి రాస్తే దానికి విలువుంటుంది" అన్నాడు. ఇస్తానన్న మొత్తం కూడా తక్కువేమీ కాదు. నాకు కుదరదని చెప్పి ఫోన్ పెట్టేశాను. కాని ఆ రోజంతా మనసు కుదురుగా లేదు. ఇలాంటి పనికి నేను ఒకసారి ఒప్పుకున్నదాన్నే. ఆ సంగతి ఇంతవరకు ఎక్కడా రాయలేదు.

2010 ప్రాంతంలో నా పరిశోధన అప్పుడే పూర్తయింది. ఉద్యోగం లేదు. మార్కెట్ సర్వేలు చేసే ఒక సంస్థ కోసం గ్రామీణ స్త్రీల కొనుగోలు అలవాట్ల మీద కొన్ని నెలలు పని చేశాను. ఊళ్లలోకి నేను వెళ్లింది పొదుపు సంఘాల ద్వారానే. జమ్మలమడుగు దగ్గర ఒక ఊళ్లో సంఘం లీడరు నన్ను "మన సంఘం మేడమ్ మాదిరే" అని పరిచయం చేసింది. ఆ ఒక్క మాటతో ఇళ్లన్నీ తెరుచుకున్నాయి. సబ్బు ఎవరు కొంటారో, టీ పొడి పొట్లం ఎన్ని రోజులొస్తుందో, ఇంట్లో బంగారం ఎంతుందో, దాన్ని ఏ నెలలో తాకట్టు పెడతారో, ఎవరు పెట్టమంటే పెడతారో అన్నీ చెప్పారు. చివర్లో ఒకామె అడిగింది: "ఇవన్నీ రాసుకోని పోయి మాకేం జేస్తావు మేడమ్?" "మీ గురించి పైవాళ్లకు తెలియాలి కదక్కా" అన్నాను. ఆ పైవాళ్లెవరో మాత్రం చెప్పలేదు.

మరుసటి ఏడు అదే దారిలో వెళ్తుంటే రోడ్డు వారగా బంగారం తాకట్టు అప్పుల బోర్డులు కనిపించాయి. అవి నా నివేదిక వల్లే వచ్చాయని అనను. దేశమంతా అవే బోర్డులు లేస్తున్న కాలమది. అయినా సంఘం పేరు చెప్పి తీసుకున్న నమ్మకాన్ని నేను అమ్మానన్న బాధ నాకుంది. ఇది నా ఒక్కదాని విషయం కాదు. స్వచ్ఛంద సంస్థల్లో పని చేస్తున్న మనలో చాలామందికి ఇలాంటి ఫోన్లు వస్తూనే ఉంటాయి. అందుకే 'మార్కెట్ నివేదిక' అంటే ఏమిటో, అందులో స్త్రీలకు ఇచ్చే చోటు ఏదో మనం కలిసి ఆలోచించాలనుకుంటున్నాను.

జిల్లాలను మార్కెట్లుగా కొలవడం కొత్త పనేమీ కాదు. 1972లోనే హిందూస్థాన్ థామ్సన్ అనే ప్రకటనల సంస్థ దేశంలోని జిల్లాలకు గ్రామీణ మార్కెట్ సూచిక ఒకటి తయారు చేసింది. 1986లో దాన్ని మళ్లీ సవరించింది. ఒక జిల్లాలో సాగయ్యే భూమి ఎంత, నీరు పారే భూమి ఎంత, ఆహారేతర పంటల విస్తీర్ణం ఎంత, ట్రాక్టర్లు, పంపుసెట్లు ఎన్ని, ఎరువుల వాడకం ఎంత, బ్యాంకు అప్పులు, డిపాజిట్లు ఎంత, కరెంటున్న ఊళ్లెన్ని, వ్యవసాయ కూలీలు ఎందరు అనే లెక్కలతో జిల్లాలను వరుసలో నిలబెట్టేది ఆ సూచిక. సరుకు అమ్ముకునేవాడికి ఇవి పనికొచ్చే లెక్కలే, కాదనను. కాని ఒక సామాజిక శాస్త్ర విద్యార్థినిగా ఈ లెక్కల్లో లేనిదాన్నే నేను ముందు చూస్తాను. కూలీల సంఖ్య ఉంది. మగకూలికీ ఆడకూలికీ ఉన్న తేడా లేదు. సాగు భూమి ఉంది. ఆ భూమి పట్టా ఎవరి పేర ఉందో లేదు. బ్యాంకు అప్పు ఉంది. ఆ అప్పుకు ఎవరి మెడలోని గొలుసు తాకట్టులో ఉందో లేదు. పంపుసెట్లను లెక్కపెట్టినవాళ్లు బిందె మోసే దూరాన్ని లెక్కపెట్టలేదు.

ఇప్పటి నివేదికలు ఇంతకంటే నాజూకైనవే. వాటిలో స్త్రీ ఉంటుంది. కాని కొనుగోలు చేసే చెయ్యిగానో, బోర్డును చూసే కన్నుగానో మాత్రమే ఉంటుంది. ఆ చేతికి డబ్బు ఎక్కణ్ణుంచి వచ్చిందో, కొన్న తరువాత అప్పు ఎవరు కడతారో ఆ నివేదికకు అక్కర్లేదు.

పల్లెల్లో గోడకూ బోర్డుకూ ఇంత గిరాకీ ఎందుకుందంటే స్త్రీల పరిస్థితే అందుకు ఒక కారణం. ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే 2019-21లో జరిగింది. అందులో ఆంధ్రప్రదేశ్‌లో ఎప్పుడైనా ఇంటర్నెట్ వాడామని చెప్పిన స్త్రీలు నూటికి 21 మందే. పురుషుల్లో ఆ సంఖ్య అంతకు రెట్టింపుకు పైనే. ఇంట్లో ఫోన్ ఉన్నా అది భర్త జేబులోనో కొడుకు చేతిలోనో ఉంటుంది. కాబట్టి పొలానికి పోయే దారిలో, సంతలో, బస్టాండులో, తిరునాళ్లలో కనబడే గోడలే ఆమెను చేరే ప్రకటనలు. ఒకప్పుడు ఊరూరా తిరిగే పెయింటర్లు సున్నం కొట్టి గోడ మీద రాసేవాళ్లు. గోడకు ఉచితంగా రంగు పడుతుందని ఇంటివాళ్లు ఒప్పుకునేవాళ్లు. 2000 తరువాత ఫ్లెక్సీలొచ్చి ఆ పెయింటర్ల పొట్ట కొట్టాయి. రాత్రికి రాత్రి అచ్చేసి తెల్లారేసరికి కట్టే వీలు దొరికాక బోర్డులకు అడ్డూ అదుపూ లేకుండా పోయింది. ప్లాస్టిక్ ఫ్లెక్సీలను నిషేధిస్తామని 2022లో రాష్ట్ర ప్రభుత్వం ప్రకటించింది కూడా.

ఆ ఫోన్ వచ్చిన తరువాత నాలుగు రోజులు వీలు చేసుకొని మూడు ఊళ్లూ మళ్లీ తిరిగాను. ఈసారి నివేదిక నా కోసం. ప్రతి బోర్డు దగ్గరా మూడు ప్రశ్నలు రాసుకున్నాను. బొమ్మలో స్త్రీ ఏం చేస్తోంది? బోర్డు ఎవరితో మాట్లాడుతోంది? దాని ఖర్చు చివరికి ఎవరి మీద పడుతుంది?

మొదట ప్రొద్దుటూరు. పెన్న ఒడ్డున ఉన్న ఈ పట్టణాన్ని బంగారం, బట్టల వ్యాపారం వల్ల రెండో బొంబాయి అని పిలుచుకుంటారు. 2011 జనాభా లెక్కల నాటికే లక్షా అరవై వేలు దాటిన ఊరు. చుట్టుపక్కల మండలాల్లో పెళ్లి కుదిరితే చీరలకూ నగలకూ ఇక్కడికే రావాలి. కాబట్టి ఊళ్లోకి వచ్చే దారుల మీద నిలబడేది పెళ్లికూతురే. నిలువెత్తు బోర్డులో మెడ నిండా నగలతో, దించిన తలతో ఉంటుంది. కాస్త ముందుకుపోతే బంగారం మీద అప్పు ఇచ్చే బోర్డు. అందులో ఒక కుటుంబం నవ్వుతూ ఉంటుంది. ఈ రెండు బోర్డుల మధ్య దూరం అడుగుల్లోనే ఉంది. ఒక స్త్రీ జీవితంలో మాత్రం ఆ దూరం అమ్మగారింటి నుంచి తెచ్చుకున్న బంగారం బోరుకో, విత్తనానికో, ఆసుపత్రికో కుదువకు పోయేంత కాలం. బస్టాండు దగ్గర పూలమ్మే ఒకామెను ఆ పెళ్లికూతురి బోర్డు గురించి అడిగాను. "ఆయమ్మ మెడ నిండా ఉండాది మేడమ్. నా తాళిబొట్టు యాడుండాదో ఆ పక్క బోర్డోళ్లనడగల్ల" అంది. మన సదస్సుల్లో గంటసేపు చెప్పే విషయాన్ని ఆమె రెండు మాటల్లో తేల్చేసింది.

వరకట్న నిషేధ చట్టం 1961 నాటిది. 1986 సవరణతో అందులో 4ఎ అనే సెక్షన్ చేరింది. పెళ్లికి బదులుగా ఆస్తిలో వాటా ఇస్తామనో, డబ్బు ఇస్తామనో ప్రకటన చేయడం దాని ప్రకారం నేరం. 'మీ అమ్మాయికి ఇంత బంగారం పెడితేనే మీకు గౌరవం' అనే అర్థం వచ్చేలా ఊరి మొగదలలో బొమ్మ నిలబెట్టడం మాత్రం నేరం కాదు. ఇది శుద్ధమైన వ్యాపారం. కట్నం అనే మాట ఎక్కడా వాడకుండా కట్నాన్ని కళగా, సంప్రదాయంగా, తల్లిదండ్రుల ప్రేమగా మార్చి చూపించే నేర్పు ఈ బోర్డులకుంది.

ప్రొద్దుటూరులో ఇంకో రకం బోర్డులు జూనియర్ కాలేజీల ర్యాంకులవి. వాటి మీద అమ్మాయిల ఫొటోలు వరుసగా ఉంటాయి. చూడగానే సంతోషం వేస్తుంది. మన ఆడపిల్లలు చదువుతున్నారు, పేరు తెచ్చుకుంటున్నారు. కాని ఆ సర్వేలోనే ఇంకో లెక్క ఉంది. రాష్ట్రంలో 20 నుంచి 24 ఏళ్ల మధ్య ఉన్న స్త్రీలలో నూటికి 29 మందికి పద్దెనిమిది నిండకుండానే పెళ్లయింది. ర్యాంకు వచ్చిన పిల్ల బొమ్మ బోర్డు మీద ఉంది. ఇంటర్ మధ్యలో పెళ్లి చేసేసిన పిల్ల ఏ బోర్డు మీదా లేదు. కాలేజీల ఫీజులు కట్టేందుకు సంఘంలో అప్పు తీసుకున్న తల్లి కూడా లేదు.

ప్రొద్దుటూరు నుంచి జమ్మలమడుగు వైపు పోతే నల్లరేగడి నేలలు. శనగ, పత్తి పండిస్తారు. 2011లో సుమారు 46 వేల జనాభా ఉన్న ఈ పట్టణంలో, చుట్టుపక్కల ఊళ్లలో చేనేత కుటుంబాలున్నాయి. దగ్గర్లో గండికోట ఉంది కనుక పర్యాటకుల కోసం పెట్టిన బోర్డులు కనిపిస్తాయి. ఎర్రగుంట్ల వైపు సున్నపురాయి నేలలు, సిమెంటు కర్మాగారాలు. ఇక్కడి గోడలకు సిమెంటు ప్రకటనలు ఎక్కువ. ఆ ప్రకటనల్లో కండలు తిరిగిన మగవాళ్లుంటారు. బలం, గట్టిదనం వాళ్ల గుణాలన్నట్టు. ఇళ్లు కట్టే చోట ఇసుక జల్లెడ పట్టి, కలిపిన సిమెంటును తట్టల్లో తలమీద మోసేది ఎక్కువగా స్త్రీలే. ఏ సిమెంటు గోడ మీదా తట్ట మోసే స్త్రీని నేను చూడలేదు.

నేత ఇళ్లలోనూ ఇదే తంతు. మగ్గం మీద కూర్చున్న మగవాణ్ణే లెక్కల్లో నేతగాడంటారు. దారం తోడి, కండెలు చుట్టి, మగ్గానికి అందించే భార్య 'ఇంటి పని' చేస్తున్నట్టు లెక్క. చీరల దుకాణం బోర్డు మీద ఆ చీర కట్టుకున్న స్త్రీ ఉంటుంది గాని ఆ చీర వెనక పని చేసిన స్త్రీ ఉండదు. మన అదృశ్య శ్రమ గురించి ఎన్నో ఏళ్లుగా మాట్లాడుతున్నాం. బోర్డుల మీద అది ఇంత పచ్చిగా కనిపిస్తుందని నాకు ఇన్నాళ్లూ తట్టలేదు.

జమ్మలమడుగు ప్రాంతానికి ఇంకో ప్రకటన కూడా అలవాటైపోయింది. ఉక్కు కర్మాగారం పేరుతో 2007లో, 2018లో, 2019లో, 2023లో ఇక్కడ కార్యక్రమాలు జరిగాయి. ప్రతిసారీ స్వాగత తోరణాలు, నాయకుల నిలువెత్తు బొమ్మలు. భూములు అప్పజెప్పాల్సిన ఇళ్లలో స్త్రీలకు ఆ భూమి మీద పేరు లేదు కనుక మాటా లేదు. బోర్డు మీద రాసిన ఉద్యోగాల హామీలో తమకెన్ని అని అడిగేందుకు వాళ్లను ఎవరూ పిలవలేదు. ప్రభుత్వాలు, పార్టీలు చేసేదీ ప్రచారమే. దాన్ని కూడా మార్కెట్ ప్రకటనతో కలిపే చూడాలి.

ముద్దనూరు మీదుగా పులివెందుల చేరితే ఇది మరీ స్పష్టంగా కనిపిస్తుంది. ఈ నియోజకవర్గం నుంచి ఇద్దరు ముఖ్యమంత్రులు వచ్చారు. 2004 నుంచి 2009 వరకు తండ్రి, 2019 నుంచి 2024 వరకు కొడుకు. 2009 తరువాత కొన్నేళ్లు ఇక్కడి శాసనసభ్యురాలు ఒక స్త్రీయే. ఇలాంటి చోట నాయకుల బొమ్మలే పెద్ద ప్రకటనలు. మూడు ఊళ్లలోనూ ఏ పార్టీ ఫ్లెక్సీ చూసినా ఒక పద్ధతి మారదు. సర్పంచి ఆమె. ఫ్లెక్సీలో పెద్ద బొమ్మ ఆయనది. ఆమె పేరు ముందు 'శ్రీమతి', పేరు తరువాత ఆయన పేరు. స్థానిక సంస్థల్లో సగం సీట్లు స్త్రీలకు కేటాయించిన రాష్ట్రం మనది. సీటు ఇచ్చినా గోడ మీద ఆమె చోటు మూలనే.

పులివెందుల పొలాల్లో అరటి, చీనీ తోటలు, చెనక్కాయ. దారి పొడుగునా మోటార్లు, పైపులు, డ్రిప్, పురుగుమందుల ప్రకటనలు. ప్రతి గోడా 'రైతన్నా' అని పిలుస్తుంది. 'రైతక్కా' అని పిలిచిన గోడ ఒక్కటీ కనబడలేదు. చెనక్కాయ పీకేది, కాయలొలిచేది, కలుపు తీసేది ఎవరో ఆ కంపెనీలకు తెలియక కాదు. పట్టా, పాసు పుస్తకం, బ్యాంకు అప్పు ఎవరి పేర ఉంటే వాడే రైతు. ప్రకటన ఈ అన్యాయాన్ని పుట్టించలేదు. కాని రోజూ కళ్లముందు నిలబెట్టి, ఇదే సహజం అనిపిస్తోంది. బోరు ఎండిపోయి, అప్పు మిగిలి, భర్త ప్రాణం తీసుకుంటే అప్పుడు మాత్రం అప్పులవాళ్లు ఆమె గడపకే వస్తారు. అప్పటివరకు రైతు కానిది ఆ రోజు రైతు కింద లెక్కవుతుంది.

ఇక ఆసుపత్రుల బోర్డులు. ఇటీవలి కాలంలో చిన్న పట్టణాల్లో కూడా సంతాన సాఫల్య కేంద్రాల ప్రకటనలు పెరిగాయి. పిల్లలు కలగకపోవడానికి కారణం మగవాడిలోనూ ఉండొచ్చని వైద్యశాస్త్రం ఎప్పుడో చెప్పింది. బోర్డు మీద మాత్రం దిగులుగా ఉండేది స్త్రీయే, చివరకు బిడ్డను ఎత్తుకుని నవ్వేదీ స్త్రీయే. లింగనిర్ధారణ పరీక్షల ప్రకటనలను 1994 చట్టం నిషేధించింది. ప్రకటన చేసినవారికి మూడేళ్ల వరకు జైలు, పదివేల వరకు జరిమానా ఉంది. ఆ చట్టం ఉండగానే మన ఉమ్మడి రాష్ట్రంలో ఆరేళ్లలోపు పిల్లల్లో వెయ్యిమంది మగపిల్లలకు ఆడపిల్లల సంఖ్య 2001లో 961 నుంచి 2011లో 939కి పడిపోయింది. గోడ మీద రాయకూడనిది గది లోపల నోటిమాటతో జరిగిపోతోందన్నమాట.

ఇక్కడ మన ఉద్యమ చరిత్రను ఒకసారి తలుచుకోవాలి. గోడలతో మన పోరాటం ఈనాటిది కాదు. 1974లో హైదరాబాదులో పుట్టిన ప్రగతిశీల మహిళా సంఘం అసభ్య పోస్టర్ల మీద పోరాడింది. అలాంటి పోరాటాల ఫలితంగానే 1986లో స్త్రీల అసభ్య చిత్రణ నిషేధ చట్టం వచ్చింది. 1997లో బహిరంగ ప్రదేశాలను వికృతం చేయడాన్నీ, అసభ్య, అభ్యంతరకర పోస్టర్లనూ ప్రకటనలనూ నిషేధిస్తూ రాష్ట్రంలో మరో చట్టం వచ్చింది. ఇవి చిన్న విజయాలు కావు. కాని వీటిలోనే ఒక చిక్కుంది. చట్టం చూసేది ఒంటి మీద బట్ట ఎంతుందనే. నిండా పట్టుచీర కట్టుకుని, ఒళ్లంతా నగలతో తలదించుకున్న పెళ్లికూతురిలో చట్టానికి ఏ తప్పూ కనబడదు. 'అసభ్యత' అనే మాట దగ్గర ఆగిపోతే సంస్కృతీ పరిరక్షకులమని చెప్పుకునేవాళ్లు మన పక్కన వచ్చి నిలబడతారు. మన అభ్యంతరం వేరు, వాళ్ల అభ్యంతరం వేరు. వాళ్లకు స్త్రీ శరీరం కనబడటం సమస్య. మనకు స్త్రీ మనిషిగా కనబడకపోవడం సమస్య.

చర్మం రంగు విషయం ఇలాంటిదే. తెల్లబడితేనే పెళ్లి, తెల్లబడితేనే ఉద్యోగం అని చెప్పిన క్రీము ప్రకటనల మీద ఐద్వా పోరాడితే 2003లో వాటిలో కొన్ని ఆగిపోయాయి. 2020లో ఆ కంపెనీ తన క్రీము పేరులోంచి 'ఫెయిర్' అనే మాట తీసేసింది. పేరు మారింది గాని మా కడప ఎండలో బోర్డుల మీద నిలబడే అమ్మాయిల రంగు మారలేదు. ఇక్కడి దళిత, వెనకబడిన కులాల స్త్రీల రంగు, ముఖం, నడక ఏ బోర్డు మీదా లేవు.

అలాగని పల్లె స్త్రీలకు ఏమీ కొనొద్దని ఉపన్యాసం ఇచ్చే హక్కు మనకు లేదు. పులివెందుల దగ్గర కలుపు తీస్తున్న స్త్రీలతో షాంపూ పొట్లాల గురించి మాట్లాడుతూ నేను కొంచెం పెద్దరికం చూపించాను. ఒక వయసుపిల్ల వెంటనే అడ్డుకుంది. "మాకు మాత్రం ఆశ ఉండదా మేడమ్? మీరు పూసుకుంటే లేని తప్పు మేం పూసుకుంటే వచ్చిందా?" అంది. ఆమె మాట నిజం. రూపాయి పొట్లం ఆ పిల్లకు ఒక చిన్న సంతోషం, ఒక్కోసారి ఇంట్లో ఎవరినీ అడగకుండా తాను కొనుక్కోగలిగిన ఒకే ఒక్క వస్తువు. కొనే హక్కు మీద మనకు పేచీ లేదు. కొనుక్కోవడం వేరు, ఆమె అవసరాన్ని, అప్పును, ఆమె సంఘాన్ని ఇంకొకరు ముడిసరుకుగా వాడుకోవడం వేరు. మన పేచీ రెండోదాని మీద.

సంఘాలు ఎలా మార్కెట్ దారులయ్యాయో మన రాష్ట్రమే దేశానికి చూపించింది. 2000లో హిందూస్థాన్ లీవర్ కంపెనీ ఉమ్మడి రాష్ట్రంలోని నల్లగొండ జిల్లాలో 'శక్తి' పేరుతో ఒక కార్యక్రమం మొదలుపెట్టింది. పొదుపు సంఘాల స్త్రీలను తన సరుకుల అమ్మకందార్లుగా మార్చి, లారీలు పోలేని ఊళ్లకు సబ్బులు, షాంపూలు చేర్చింది. కొందరు స్త్రీలకు దానివల్ల ఆదాయం వచ్చింది, ఇంట్లో మాట చెల్లింది. అది కాదనలేం. కాని సారా ఉద్యమంతో కలిసి ఎదిగిన సంఘాలను, స్త్రీలు ఒకరినొకరు నమ్మి కట్టుకున్న బంధాన్ని సరుకు రవాణాకు దారిగా వాడుకోవడం అక్కడ మొదలైంది. ఆ తరువాత సూక్ష్మరుణ కంపెనీలు అదే దారిన వచ్చాయి. వసూళ్ల ఒత్తిడికి స్త్రీలు ఎంత నలిగిపోయారో చూశాకే 2010 అక్టోబరులో ప్రభుత్వం ఆర్డినెన్సు తేవలసి వచ్చింది. నేను సర్వే కాగితాలు పట్టుకుని తిరిగింది కూడా ఆ రోజుల్లోనే.

ఇప్పుడు బస్సులు. 2025 ఆగస్టు 15 నుంచి రాష్ట్రంలో 'స్త్రీశక్తి' పథకం కింద ఆర్టీసీ పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ వంటి బస్సుల్లో స్త్రీలకు ఉచిత ప్రయాణం వచ్చింది. మనం ఎంతో కాలంగా కోరుకున్నది ఇదే. స్త్రీలు కదలాలి, పనికి, చదువుకు, ఆసుపత్రికి, పుట్టింటికి ఎవరినీ డబ్బు అడగకుండా పోవాలి. నాకు ఫోన్ చేసినాయన కూడా ఈ పథకం గురించి ఉత్సాహంగా మాట్లాడాడు. "బస్టాండుల్లో ఆడవాళ్ల చూపులు పెరిగాయి మేడమ్" అన్నాడు. ఆయన లెక్కలో పెరిగింది చూపులు. నా ప్రయాణంలో ఒక బస్టాండులో తళతళలాడే బోర్డు కింద నిలబడ్డ స్త్రీలు, తలుపు గొళ్లెం లేని మరుగుదొడ్డి దగ్గర ఒకరికొకరు కాపలా కాస్తున్నారు. అంత పెద్ద బోర్డుకు లైట్లు ఉన్నాయి. మరుగుదొడ్డి దారిలో లైటు లేదు. ఈ మొత్తం వ్యవహారంలో నాకు బాగా కోపం తెప్పించింది ఇదే.

గోడ మన వీధిలోది. బోర్డు నిలబడిన నేల ఊరిది. ఆ చోటు అమ్ముడైతే వచ్చే డబ్బు ఎక్కడికి పోతోందని అడిగే హక్కు మనకుంది. ప్రకటనల మీద పన్ను వేసే అధికారం ఒకప్పుడు రాష్ట్రాల జాబితాలో ఉండేది. 2016లో వచ్చిన 101వ రాజ్యాంగ సవరణ ఆ అంశాన్ని తొలగించింది, 2017 జులై నుంచి జి.ఎస్.టి. అమలయింది. ఇప్పుడు స్థానిక సంస్థల చేతిలో మిగిలింది అనుమతులు, అద్దెలు, రుసుములు. ఏ బోర్డుకు అనుమతి ఉంది, ఎంత కట్టారు, ఆ డబ్బుతో ఏం చేశారు? ఈ మూడు ప్రశ్నలు వార్డు సభ్యురాలు అడగవచ్చు, గ్రామసభలో మనం అడగవచ్చు, 2005 సమాచార హక్కు చట్టం కింద అర్జీ పెట్టి అడగవచ్చు.

దీంతోపాటు మరికొన్ని పనులు మన చేతిలోనే ఉన్నాయి. మొదటిది, సంఘాల వివరాలు, సభ్యుల జాబితా, ఇళ్లలోకి పరిచయం ఎవరు అడిగినా సంఘం సమావేశంలో పెట్టకుండా ఇవ్వకూడదు. ఎవరి కోసం అడుగుతున్నారు, దాంతో ఏం చేస్తారు, సంఘానికి ఏం వస్తుంది అనేది తీర్మానాల పుస్తకంలోకి ఎక్కాలి. వద్దనే హక్కు సభ్యులకు ఉండాలి. నేను ఆ రోజు చేయవలసింది అదే, చేయలేదు. రెండోది, మన ఊరి గోడల నివేదిక మనమే రాయాలి. పదిమంది స్త్రీలు ఒక సాయంత్రం ఊరంతా నడిచి, నేను రాసుకున్న మూడు ప్రశ్నలు వేసుకుంటే చాలు. చదువు రానివాళ్లకే కొన్ని బోర్డుల అర్థం ముందుగా తెలుస్తుంది. మూడోది, ఉన్న చట్టాలను వాడుకోవాలి. మాయ మందుల ప్రకటనల మీద 1954 చట్టం ఉంది, పొగాకు ప్రకటనల మీద 2003 చట్టం ఉంది. జాతీయ, రాష్ట్ర రహదారుల వెంట మద్యం అమ్మకపు బోర్డులు ఉండకూడదని 2016 డిసెంబరులో సుప్రీంకోర్టు చెప్పింది. సారాను తరిమిన ఉద్యమానికి వారసులం, ఆ తీర్పునైనా మన రోడ్ల మీద అమలు చేయించలేమా?

నాలుగోది గోడను మనమూ వాడుకోవడం. 1990ల మొదట్లో నెల్లూరు జిల్లా ఊళ్లలో స్త్రీలు చదువుకున్న పాఠమే వాళ్లను సారా దుకాణం దాకా నడిపించింది. దూబగుంట స్త్రీల వెనుక హోర్డింగు లేదు, ఖాతాదారులు లేరు. 1993 అక్టోబరులో సారా నిషేధం వచ్చింది. మద్యం మళ్లీ ఎలా తిరిగొచ్చిందో మనకు తెలుసు. అయినా ఒక మాట ఊరి నుంచి ఊరికి ఎలా పాకుతుందో ఆ ఉద్యమం చూపించింది. పంచాయతీ గోడ మీద 181 నంబరు, బస్టాండులో గృహహింస చట్టం గురించి నాలుగు వాక్యాలు, చెనక్కాయ పీకే కాలంలో ఆడకూలి, మగకూలి సమానమని ఒక రాత. ఇంతమాత్రం చోటు అడిగి తీసుకోవడానికి మనకు ఏ ప్రకటనల సంస్థా అక్కర్లేదు. సమాన వేతనం చట్టంలోకి వచ్చింది 1976లో. ఆ సంగతి మా జిల్లాలో ఏ గోడ మీదా నేను చదవలేదు.

జమ్మలమడుగు దగ్గరి ఆ ఊరికి కూడా ఈసారి వెళ్లాను. నన్ను ప్రశ్న అడిగినామె ఇంటి ముందు కూర్చుని ఉంది. గుర్తుపట్టలేదు. పదిహేనేళ్ల కిందట వచ్చిన సంగతి చెప్పాను, ఆ వివరాలు ఎవరికి ఇచ్చానో కూడా చెప్పాను. కోప్పడుతుందనుకున్నాను. కాసేపు చూసి, "అయితే ఈసారి రాసింది మాకు గూడా సదివి వినిపించల్ల" అంది. వినిపిస్తానని మాట ఇచ్చాను. ఈ వ్యాసం అచ్చయిన ప్రతి తీసుకుని మళ్లీ వెళ్తాను. మీ ఊళ్ల గోడల మీద ఏముందో, మీ సంఘాలను ఎవరెవరు ఏమేమి అడుగుతున్నారో మీరూ రాయండి.